లారీకి దిష్టి తీసిన రోజు

వంతెన ఎక్కేటప్పుడు మా పాత లారీ ఇంజను గట్టిగా అరుస్తోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. మర్నాడు నేను పాపను తీసుకుని అదే లారీలో గుంటూరు వెళ్లాలి. మధ్యలో వెనక్కి జారితే ఎలా అని నాకు అన్నం సహించలేదు.

"దిష్టి తగిలిందిరా," అన్నారు మా అత్తగారు, మా ఆయనతో. లారీ చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు లెక్క. ఏళ్ల తరబడి మిరప కల్లాల్లో తిరిగిన ముక్కులు కాబట్టి ఆవిడకీ మా ఆయనకీ ఏమీ తెలియలేదు.

"చూశావా, ఎంత దిష్టో!" అని ఆవిడ అంటుండగానే, చీరాల మగ్గాల ఇంట్లో పుట్టిన నేను దగ్గి దగ్గి అరుగు మీద కూలబడ్డాను.

అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. "పిల్లకి ఘాటొచ్చిందంటే దిష్టి కాదురా. మెకానిక్‌ని పిలువు."

మెకానిక్ హ్యాండ్ బ్రేకు వేసి, టాప్ గేరులో పెట్టి క్లచ్ వదిలాడు. ఆగిపోవాల్సిన ఇంజను తిరుగుతూనే ఉంది. "క్లచ్ ప్లేటు అరిగిపోయిందండీ," అన్నాడు. గేరుబాక్సు దించి కొత్త ప్లేటు వేసేసరికి సాయంత్రమైంది.

మర్నాడు లారీ వంతెనను హాయిగా ఎక్కింది. నేను మాత్రం పాపను కరుచుకుని, క్యాబిన్ నేలను కాలితో అదిమి తొక్కుతున్నాను.

"క్లచ్ నేను తొక్కుతాలేవే," అన్నాడు మా ఆయన. "నువ్వు పాపను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు."