ప్రభుదాస్ సార్ నమ్మిన మాట

రాతి గోడలోకి డ్రిల్లు దిగుతున్నప్పుడు ఒక వాసన లేస్తుంది. కాలిన సున్నంలా ఉండి, గొంతులో కాసేపు గరగరలాడుతుంది. మొన్న వికారాబాద్‌లో ఒక బడి వరండాలో ఆ వాసన తగలగానే నా చేతిలో పని ఆగిపోయింది. నాకు పని నేర్పిన ప్రభుదాస్ సార్ పక్కనే నిలబడి, చొక్కా మీది రాతిపొడి దులుపుకుంటున్నట్టు అనిపించింది.

మా పని కొంచెం చెప్పాలి. బళ్ళలో, హాస్టళ్ళలో గదుల కప్పుకు తెల్లటి పళ్ళెంలాంటి పెట్టెలు కనిపిస్తాయి కదా, వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారు. గాలిలో నెట్ అందించేవి అవే. ఒక్కో పెట్టె దగ్గరికి పోనక్కర లేకుండా, అన్నిటినీ ఒకే కంప్యూటరు తెర మీద నుంచి నడిపించవచ్చు. నెట్‌కు ఏ పేరు పెట్టాలి, పాస్‌వర్డ్ ఏమిటి, ఏ పెట్టె ఏ ఛానల్‌లో, అంటే ఏ తరంగాల దారిలో, ఎంత పవర్‌తో పని చేయాలి అన్నవి మేం అక్కడ కూర్చుని అమరుస్తాం.

ఇది నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. మాది ధారూర్. ఇంటర్‌తో చదువు ఆగిపోయాక, వికారాబాద్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పని చేస్తూ మధ్యాహ్నాలు గ్రంథాలయంలో గడిపాను. అక్కడ నెట్‌వర్కుల మీద ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను, మూడు నోటుపుస్తకాల నిండా రాసుకున్నాను. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. ఆ నోటుపుస్తకాలు చంకన పెట్టుకునే ప్రభుదాస్ సార్ ఆఫీసుకు పని అడగడానికి పోయాను.

ఆయన అప్పటికే అరవైకి దగ్గరపడ్డ మనిషి. టెలిఫోను తీగలు లాగడంతో మొదలుపెట్టి ఈ పనిలోకి వచ్చాడు. "ఏం సదివినవ్ బిడ్డా?" అన్నాడు. "ఇంటర్ సార్. మిగతాదంతా లైబ్రరీల" అన్నాను. ఛానల్ అంటే ఏమిటని అడిగితే ఊపిరి తీసుకోకుండా ఒక పేజీ ఒప్పజెప్పాను. ఆయన నవ్వి, నా వెనక ఉన్న గోడను చూపించాడు. "మంచిగ చెప్పినవ్. మరి గీ గోడ ఇటుకదా, రాయిదా?" నాకు తెలియలేదు. "రేపటి సంది రా. బుక్కు నీకు వచ్చు, గోడలు నేను చెప్త" అన్నాడు.

ఏడాది తర్వాత మొదటిసారి నన్ను ఒంటరిగా పంపించాడు, తాండూరులో ఒక డిగ్రీ కాలేజీ అమ్మాయిల హాస్టల్‌కు. మందపాటి రాతి గోడల పాత కట్టడం అది. లోపల ఫోన్లకు సిగ్నల్ అందదు, మేం పెట్టిన నెట్టే దిక్కు. "పేరు, పాస్‌వర్డ్ మార్చు. మిగతాది ముట్టకు" అని చెప్పి పంపాడు. నేను ఆ రెండూ మార్చాను. అప్పుడు చివరి గదిలో ఉండే సునీత అనే అమ్మాయి, "అక్కా, మా రూంల సిగ్నల్ గీతలు రెండే వస్తున్నయ్" అంది. పుస్తకంలో పవర్ గురించి చదివిందంతా నా తలలో మెదిలింది. హాస్టల్‌లోని ఎనిమిది పెట్టెల పవర్ పూర్తిగా పెంచేశాను. అన్ని గదుల్లో గీతలు నిండాయి. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. రైల్లో ఇంటికి వస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

మూడో రోజు మధ్యాహ్నం వార్డెన్ నుంచి ఫోను. గీతలు నిండుగానే ఉన్నాయి గానీ ఏదీ పంపడం కావడం లేదట. పీజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు పెట్టడానికి అదే ఆఖరి రోజు, సాయంత్రం అయిదు వరకే గడువు. సారూ నేనూ రైలెక్కాం. దారిలో ఆయన అడిగాడు.

"పేరు, పాస్‌వర్డ్ గాక ఇంకేమన్న ముట్టినవా బిడ్డా?"

"లేదు సార్."

"సరే" అని కిటికీ వైపు తిరిగాడు.

మేం చేరేసరికి మూడు దాటింది. సునీత లాప్‌టాప్ ముందు ఏడుపు మొహంతో కూర్చుని ఉంది. "ఫోటో ఎక్కుతనే లేదక్కా. పొద్దుగాల్నుంచి ఇదే కథ" అంది. సార్ సెట్టింగుల తెర తెరిపించనే లేదు. "సెట్టింగులు మారలేదంటే ఇగ వైర్లే చూడాలె" అంటూ నిచ్చెన తెప్పించాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, అయినా తీగల పని ఎవరికీ వదలడు. ఒక్కో మెట్టుకు పళ్ళు బిగబట్టి ఎక్కాడు. మొదటి పెట్టె తీగ విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. రెండోది కూడా అలాగే. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, గోడ మీద నాలుగు కావస్తున్న గడియారం ఒక పక్క. మూడో పెట్టె కోసం ఆయన కాలు పైకెత్తినప్పుడు ఆ మోకాలు వణకడం కనిపించింది.

"సార్, దిగుండ్రి. పవర్ నేనే పెంచిన."

వార్డెన్, అమ్మాయిలు అందరూ నా వైపు తిరిగారు. సార్ మెల్లగా దిగాడు. "ఎంత పెట్టినవ్?"

"మొత్తం సార్. అన్నిటికీ."

"లాప్‌టాప్ తియ్" అన్నాడు. నేను పవర్ తగ్గిస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు. "మైకులో అరిచేటోని మాట ఊరంతా ఇనవడ్తది. కానీ ఆఖరింట్ల ముసలవ్వ జవాబు చెప్తే ఆయనకు ఇనవడ్తదా? ఫోన్లది గా అవ్వ గొంతు. పెట్టె మాట వీళ్ళకు అందుతున్నది, వీళ్ళ మాట పెట్టెకు అందుతలేదు. ఎవరి దగ్గరి పెట్టెతోని వాళ్ళు మాట్లాడుకునేటట్టు జెయ్యి." పవర్ సగానికి దించాను. పక్కపక్క పెట్టెలు ఒకదాని మీద ఒకటి అరవకుండా ఛానళ్ళు వేరు చేశాను. నాలుగున్నరకు సునీత గది నుంచి కేక వినబడింది. "ఎక్కింది! అక్కా, ఎక్కింది!" గీతలు మాత్రం మూడే.

తిరిగి వెళ్ళేటప్పుడు తాండూరు స్టేషన్‌లో చాయ్ తాగుతూ, "రేపటి నుంచి రావాల్నా సార్?" అని అడిగాను.

"రాకుంటే నిచ్చెన ఎవరెక్కుతరు? నా మోకాళ్ళా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. "నా మీద అనుమానం రాలేదా సార్? ముందే తెర చూసుంటే అయిపోతుండె గద?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు లేదన్నవ్. నేను నమ్మిన. నమ్మకుంటే నీతోని పనెట్ల జేస్త?"

తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. మర్నాడు గ్రంథాలయంలో ఆ పుస్తకం మళ్ళీ తీసి చూశాను. పవర్ ఎక్కువైతే ఏమవుతుందో అందులోనే ఉంది, నా నోటుపుస్తకంలోనూ నా చేతిరాతతోనే ఉంది.

సార్ ఇప్పుడు కోట్‌పల్లి దగ్గర కంది పండిస్తూ హాయిగా ఉన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోను చేసి, ఈ వారం ఎక్కడెక్కడికి పోయానో అడుగుతాడు. ఆయన వదిలి వెళ్ళిన పని ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. నేను పని చేసి వచ్చిన చోటు నుంచి "నెట్ వస్తలేదు" అని ఎవరైనా ఫోను చేస్తే, ముందు నా నోటి నుంచి వచ్చేది ఒకటే మాట. "నిన్న నేనొక సెట్టింగు మార్చిన. ఆగుండ్రి, ముందు అదే చూస్త." చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, ఎవరో ప్లగ్గు పీకి ఉంటారు. అయినా ముందు నేను చేసిందే చెబుతాను. అవతలివాళ్ళు "సరే, మీరు చూడుండ్రి మేడమ్" అంటారు. ఆ గొంతులో నమ్మకం వినబడ్డాకే లాప్‌టాప్ తెరుస్తాను.