అత్తగారి ముందు నా ఇంగ్లీషు ప్రార్థన

ఇంగ్లండులో దొరలంతా ఫ్రెంచి మాట్లాడిన కాలం పోయి, ఇంగ్లీషు మళ్లీ దేశభాష ఎలా అయిందంటే పాఠ్యపుస్తకాలన్నీ ఒకటే చెబుతాయి: ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆ దొరల సొంతగడ్డ నార్మండీ చేజారింది, ఫ్రాన్సుతో యుద్ధాలొచ్చాయి, కోర్టుల్లో ఇంగ్లీషులోనే వాదించాలని చట్టం చేశారు. నేనొప్పుకోను. ఇళ్లలో ఎవరూ మాట్లాడని భాషను ఏ చట్టమూ లేపి నిలబెట్టలేదు. ఆ భాషలో పిల్లల్ని తిట్టిన ఆడవాళ్లే దాన్ని బతికించారని రాజమండ్రిలో మా డిగ్రీ పిల్లలకు ఏటా బల్ల గుద్ది చెబుతాను. చెప్పేది ఇంగ్లీషులోనే అనుకోండి.

నిరుడు మా అత్తగారికి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. కాకినాడ ఆసుపత్రికి బయలుదేరేముందు, మా లూథరన్ క్రైస్తవుల ఇళ్ల అలవాటు ప్రకారం, అందరం ఆవిడ చుట్టూ నిలబడ్డాం. ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చెయ్యాలి. మా ఆయన ముగించారు. నా వంతు రాగానే గొంతు సవరించుకుని, కాన్వెంటులో నేర్చిన ఇంగ్లీషులో ధారగా అందుకున్నాను. నాకే ముచ్చటేసింది.

అత్తగారు ఒక కన్ను తెరిచారు.

"అమ్మాయ్, దేవుడికి అన్ని భాషలూ వచ్చు. కత్తి కిందకెళ్లేది నేను. నాకోసం ఏం అడుగుతున్నావో నాకు తెలియొద్దా?"

"తెలుగులో ప్రార్థన నాకు రాదండి, అత్తయ్యగారూ."

"మరి రోజూ నన్ను సాధించేది ఏ భాషలోనే?"

పాస్టరుగారి గంభీరమైన తెలుగు నాకు ఏనాడూ పట్టుబడలేదు. ఉన్నది వంటింటి తెలుగు ఒక్కటే. కళ్లు మూసుకుని దాంతోనే మొదలెట్టాను.

"ప్రభువా, ఈవిడగారు మాట వినరు. మాత్రలు దిండు కింద దాచేస్తారు. ఆవకాయ వద్దంటే నా మీద ఇంతెత్తున లేస్తారు. అయినా ఈవిడ్ని నాకు తిరిగి పంపించు. ఈ ఇంట్లో నాతో సమానంగా వాదించేవాళ్లు ఇంకెవరూ..."

అక్కడితో ఆపేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆమెన్," అని అత్తగారే గట్టిగా ముగించేశారు. "మాత్రల సంగతి ఆయన దాకా ఎందుకే?" అంటూ కారెక్కారు.

తిరిగొచ్చారు. మాత్రలు ఇప్పుడెక్కడ దాస్తున్నారో తెలియదు.

ఈ ఏడూ ఆ పాఠం చెప్పాను, బల్ల కాస్త మెల్లగా గుద్ది. చట్టం సంగతి పుస్తకంలో దొరుకుతుంది. నాకు కావాల్సింది దొరకడం లేదు. ఫ్రెంచిలో ఆరితేరిన ఏ దొరసాని, ఎవరి మంచం పక్కన నిలబడి, భయంతో మొదటిసారి ఇంగ్లీషులో దేవుణ్ణి అడిగింది? అడిగాక నాలాగే సిగ్గుపడిందా?