పొట్టి గింజలు, పొడవు గింజలు

2014 జూన్ 14, శనివారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలకు ఫ్రాంక్లిన్ టీ కప్పు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. సింకు పక్కన గిన్నెలు ఆరబెట్టే స్టాండు మీద, రెండు గరిటెలకూ జల్లెడకూ మధ్య, ఒక నల్లటి ప్లాస్టిక్ సీసా బోర్లించి ఉంది. దాని మీది చీటీ సగం ఊడిపోయింది. మిగిలిన సగం మీద ఉన్న తేదీ అతని చేతిరాతే. గురువారం సాయంత్రం ఆ సీసాలో పావు వంతు తుపాకీమందు ఉంది.

"ఆంటీ, ఈ సీసా ఇక్కడికెలా వచ్చింది?"

"మూత భలే గట్టిది నాయనా. కరివేపాకు పొడికి బాగుంటదని తీశాను. సబ్బుతో రెండుసార్లు కడిగాన్లే."

"ఇందులో ఉన్నదేం చేశారు?"

"పారెయ్యలేదు. పక్కనున్న పెద్ద సీసాలో పైన పోసేశాను. రెండూ ఒకటేగా, నల్లగా ఆవాల్లాగా. రెండు డబ్బాలెందుకు, బల్లంతా అడ్డం."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నే. నువ్వింకా లేవలేదు."

ఫ్రాంక్లిన్ కప్పును బల్ల మీద పెట్టాడు. కుళాయి కట్టలేదు. దాన్ని ఇంటావిడ ఏసుమణే కట్టింది.

నరసాపురంలో ఒక మిషన్ ఆసుపత్రి లేబొరేటరీ టెక్నీషియన్ కొడుకు ఫ్రాంక్లిన్. మెల్బోర్న్‌లో విశ్లేషణ రసాయనశాస్త్రం చదవడానికి 2012లో వచ్చి, క్లేటన్ స్టేషనుకు పది నిమిషాల నడక దూరంలో, తోమాసు, ఏసుమణి దంపతుల ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాడు. తోమాసుది పాలకొల్లు. ముప్పై ఒక్క సంవత్సరాలు మెల్బోర్న్‌లోనే రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడి తోటి పనివాళ్ళే ఆయనకు వేట నేర్పారు. ప్రతి శీతాకాలం, అంటే అక్కడ జూన్‌లో, గిప్స్‌లాండ్ కొండల్లో సాంబర్ దుప్పుల కోసం నాలుగు రోజులు తిరిగి రావడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం.

దూరపు వేటకు బజారులో దొరికే తూటాలు సరిపోవని, తన తుపాకీకి అమరే తూటాను ఎవరికి వారే తయారుచేసుకోవాలని తోమాసు నమ్మకం. కాల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, అడుగున మందును అంటించే కొత్త రంజకపు బిళ్ళ దిగ్గొట్టి, మందు తూచి పోసి, పైన గుండును బిగించాలి. రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. అందువల్ల తూచే పని ఫ్రాంక్లిన్‌కు వచ్చింది. అతను భద్రతా పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్న తరవాతే తక్కెడను ముట్టుకున్నాడు.

మార్చి నుంచి ఏడు శనివారాలు ఇద్దరూ ఊరి బయటి కాల్పుల మైదానానికి వెళ్ళారు. పుస్తకంలో చెప్పిన కనిష్ఠ తూకంతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టుకు 0.3 గ్రెయిన్ల, అంటే దాదాపు ఇరవై మిల్లీగ్రాముల, చొప్పున పెంచుతూ, మెట్టుకు అయిదు తూటాలు కాల్చారు. కాల్చిన ప్రతి గొట్టం అడుగునూ ఫ్రాంక్లిన్ భూతద్దంతో చూసేవాడు. బిళ్ళ అంచు చదునైందా, తుపాకీ వెనక మూసే బోల్టు తెరవడానికి బలం పట్టిందా, ఒత్తిడి మితిమీరిందని చెప్పే గుర్తులన్నీ రాసుకునేవాడు.

"నువ్వు లెక్క తేల్చేలోపు ఆ దుప్పి ముసలిదై చచ్చిపోద్దిరా సైంటిస్టూ," అనేవాడు తోమాసు.

"చావనివ్వండి అంకుల్. మనం బాగుంటే చాలు."

"నీ అంత పిరికోణ్ణి నేను చూళ్ళేదు."

మే 17న ఒక తూకం కుదిరింది. మూడు వందల మీటర్ల దగ్గర అయిదు గుండ్లు 74 మిల్లీమీటర్ల వలయంలో పడ్డాయి. ఆ తూకంతోనే వేటకు ఇరవై తూటాలు చెయ్యాలనుకున్నారు. జూన్ 10, మంగళవారం ఫ్రాంక్లిన్ ఎనిమిది చేశాడు. మిగతా పన్నెండు శుక్రవారం చేశాడు.

ఇంట్లో రెండు రకాల మందు ఉండేది. పెద్ద సీసాలోది పొడవు గింజ. అది నెమ్మదిగా మండి, బరువైన గుండును తుపాకీ గొట్టం పొడవునా తోస్తూ పోతుంది. చిన్న సీసాలోది పొట్టి గింజ. అది కుందేళ్ళను కొట్టే చిన్న తుపాకీది, చప్పున మండిపోతుంది. పొట్టి గింజను పొడవు గింజ తూకంతో పెద్ద తుపాకీలో పోస్తే, గుండు కదిలేలోపే మందంతా మండిపోతుంది. ఆ ఒత్తిడికి ముందుకు దారి ఉండదు.

రెండు సీసాలూ గారేజీలోని ఇనుప బీరువాలో తాళం కింద ఉండాలి. గురువారం సాయంత్రం గారేజీలో 6 డిగ్రీలుంది. తూచబోయే పదార్థాన్ని ముందు గది వేడికి రానివ్వాలన్నది లేబొరేటరీలో ఫ్రాంక్లిన్‌కు అబ్బిన అలవాటు. కుందేళ్ళ తూటాలు కూడా చేద్దామనుకుని రెండు సీసాలనూ బట్టలుతికే గదిలోని బల్ల మీదికి తెచ్చాడు. రాత్రంతా వాటిని అక్కడే ఉంచాడు. బీరువా తాళంచెవి మాత్రం అతని జేబులోనే భద్రంగా ఉంది.

శుక్రవారం చిన్న సీసా కనబడకపోతే, తోమాసు లోపల పెట్టి ఉంటాడనుకున్నాడు. మరొకటి కూడా గమనించాడు. తూకం అదే అయినా, ఇత్తడి గొట్టంలో మందు మంగళవారం కంటే మూడు మిల్లీమీటర్లు కిందికి నిలిచింది. నోటు పుస్తకంలో ఆ సంగతి రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, పని కొనసాగించాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు తోమాసు ఆ ఇరవై తూటాలతో పికప్ ట్రక్కులో బయలుదేరి వెళ్ళాడు.

7:46కు ఫ్రాంక్లిన్ ఆయన ఫోనుకు చేశాడు. అందుబాటులో లేదని వచ్చింది. 7:52కు దార్గో ఊళ్ళోని దుకాణానికి చేశాడు. కొండ ఎక్కేముందు అదే చివరి ఊరు. ఫోనెత్తిన ఆవిడ తెల్లమీసాల పెద్దమనిషి నిన్న సాయంత్రం డీజిలు పోయించుకుని నది దారిన వెళ్ళాడని చెప్పింది. ఆయన ట్రక్కులోని రేడియోకు పిలిచి చూస్తానంది. పిలిచింది కూడా. జవాబు రాలేదు.

"నేనూ వస్తా. ఆయన గుడారం వేసే చోటు నాకు తెలుసు," అంది ఏసుమణి. ఫ్రాంక్లిన్ అప్పటికి ఆమెకు చెప్పింది ఒక్కటే: ఆ తూటాలు కాల్చకూడదు.

7:58కు ఆమె కరోలా కారులో బయలుదేరారు. అతనే నడుపుతూ గంటకు వంద కిలోమీటర్లు దాటనివ్వలేదు. పోలీసులు ఆపితే కనీసం పావుగంట పోతుంది. వారగల్ ఊరు దాటాక ఏసుమణి అడిగింది.

"కాలిస్తే ఏమవుద్ది?"

"కచ్చితంగా తెలీదు ఆంటీ."

"నువ్వు కెమిస్ట్రీ చదివినోడివి. తెలీదనకు."

"తుపాకీ పగలొచ్చు. బోల్టు వెనక్కి రావచ్చు. గురిపెట్టేటప్పుడు ఆయన చెంప దాని పక్కనే ఉంటుంది."

"కుడి చెంపా?"

"కుడి."

"ఎడమ కంటికి శుక్లం. ఆగస్టులో ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. ఆ కుడి కన్నొక్కటే ఆయనకి."

ఆ సంగతి ఫ్రాంక్లిన్‌కు అంతవరకు తెలియదు.

"నా చేత్తోనే పోశాను," అంది ఆమె.

"బయట పెట్టింది నేను. తాళం వెయ్యనిది నేను. మందు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంటే చూసిందీ నేనే."

"చూశావా?"

"చూశాను. బుక్కులో రాశాను."

"రాసి?"

సేల్ ఊరి వరకు ఏసుమణి పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేసుకుంది.

11:24కు దార్గో చేరారు. దుకాణం ఆవిడ బయటికి వచ్చి, రేడియోలో ఇంకో రెండుసార్లు పిలిచానని, ఎవరూ పలకలేదని చెప్పింది. అక్కడి నుంచి 22 కిలోమీటర్లు మట్టిదారి. ఆ కారు ఆ దారికి పనికిరాదు. రెండుచోట్ల అడుగు రాళ్ళకు గీసుకుంది. యాభై నిమిషాలు పట్టింది.

నది ఒడ్డున గుడారం ఉంది, ట్రక్కు ఉంది, ఆరిపోయిన పొయ్యి ఉంది. తోమాసు లేడు. ట్రక్కు తాళంచెవి ఆయన ఎక్కడ దాస్తాడో ఏసుమణికి తెలుసు. సీటు వెనక పెట్టెలో తూటాల డబ్బా దొరికింది. పై వరుసలో మంగళవారం చేసిన ఎనిమిదీ కదలకుండా ఉన్నాయి. కింద శుక్రవారం చేసిన పన్నెండులో నాలుగు లేవు. ఆ తుపాకీలో పట్టేవి నాలుగే.

"ఏంటి? ఏం చూస్తున్నావ్?"

"మంచివి ఇక్కడున్నాయి ఆంటీ."

లోయకు అటూ ఇటూ యూకలిప్టస్ అడవి. ఆయన ఏ దిక్కుకు వెళ్ళాడో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఫ్రాంక్లిన్ రెండడుగులు ఎత్తు మీదికి వేసి ఆగాడు. ఏసుమణి కారు తలుపు తెరిచి, లోపలికి వంగి, రెండు అరచేతులతో హారను నొక్కిపట్టింది. మూడుసార్లు పొడుగ్గా మోగించి, ఆపి, విన్నారు. మళ్ళీ మూడుసార్లు. ఆ విరామాల్లో ఫ్రాంక్లిన్ చెవి ఒగ్గింది మనిషి పిలుపు కోసం కాదు. ఆ లోయలో ఒక్క తుపాకీ చప్పుడు వినిపిస్తే, అది మామూలు చప్పుడో కాదో తాను పోల్చుకోగలడా అని ఆలోచిస్తున్నాడు. పోల్చుకోలేనని తేల్చుకున్నాడు. అతని చేతి గడియారంలో ఇరవై రెండు నిమిషాలు గడిచాయి.

12:41కు చెట్ల మధ్య నారింజరంగు టోపీ కనిపించింది. మనిషి కంటే ముందు మాటలు దిగివచ్చాయి.

"అడివిలో పెళ్ళిబస్సు తోలుతున్నావేంటే? మూడొందల ఇరవై మీటర్లు. పక్కకి తిరిగి బొమ్మలాగా నిలబడ్డది. గంటన్నర కదలకుండా పడుకున్నాను దానికోసం. సేఫ్టీ లాక్ తీశాను, ఊపిరి బిగబట్టాను, అప్పుడు మోగించావు. ఈపాటికది సిడ్నీ చేరుంటది."

ఏసుమణి దగ్గరికి వెళ్ళి ఆయన కుడి చెంప మీద అరచెయ్యి ఆనించింది. తోమాసు ఇద్దరి ముఖాలూ చూశాడు.

"ఏంటే? ఎవరికేమైంది?"

"అంకుల్, తుపాకీలో తూటా ఉందా?"

"తీసేశాగా. లోపల పెట్టుకుని నడుస్తానేంట్రా? మూడు తుపాకీ కింది మ్యాగజీనులో ఉన్నయ్. కాల్చబోయింది జేబులో ఉంది."

"కింది వరుసవే ఎందుకు తీశారు?"

"నిన్న చేసినవి గదా, తాజావి. పాతవి తర్వాతకని ఉంచాను."

ఫ్రాంక్లిన్ జరిగినదంతా క్రమంగా చెప్పాడు. ముందు తన తప్పు, తరవాత సీసా సంగతి. తోమాసు ట్రక్కు వెనక అంచు మీద కూర్చున్నాడు. జేబులోంచి తూటా తీసి రెండు వేళ్ళతో పట్టుకుని, దూరంగా జరిపి చూశాడు.

"రెండూ ఒకటేననుకున్నావా?" అన్నాడు భార్యతో.

"ఆవాల్లాగే ఉన్నాయండీ."

"నయం. పోపులో వెయ్యలేదు."

ఫ్రాంక్లిన్ ఆ తూటాను తీసుకుని, కాగితం చుట్టి, మిగతా వాటితో కలవకుండా వేరే జేబులో పెట్టాడు.

మర్నాడు, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక 1:20కి ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. పొయ్యి ఆర్పి ఉంది. ఆ ఒక్క తూటా గుండును ఫ్రాంక్లిన్ పనిముట్టుతో ఊడలాగి, లోపలి మందును తెల్ల పళ్ళెంలోకి వంచాడు. బాగా కలిపి, ఒక మూల నుంచి వంద గింజలు వేరుచేశాడు. రెండు రకాలనూ ఒక్కో గింజ చొప్పున భూతద్దం కింద ఆమెకు చూపించాడు. ఏసుమణి కళ్ళజోడు పెట్టుకుని, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు, పొడవువి ఎడమకూ పొట్టివి కుడికీ చూపుడువేలితో జరుపుతూ పోయింది. తోమాసు తన కుడి కంటితో చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఒకసారి లెక్కపెట్టింది. ఫ్రాంక్లిన్ మళ్ళీ లెక్కపెట్టాడు. రెండు లెక్కలూ ఒకటే వచ్చాయి. నోటు పుస్తకంలో శుక్రవారం పెట్టిన ప్రశ్నార్థకం కింది గీతలో రాశాడు.

వందలో పొట్టి గింజలు: 91.