మా చెల్లెలి మోపెడ్‌కి నేను ఎంచిన మోటారు

గాల్లోంచి విభూతి ఎలా పుట్టిస్తారో, నిప్పుల మీద ఎలా నడుస్తారో ఊరూరా వేదికలెక్కి చేసి చూపించినవాణ్ణి నేను. "ఎవరు చెప్పినా నమ్మకండి, పరీక్షించండి" అని గొంతు చించుకున్నవాణ్ణి. ఆ సభల్లో ఒక్కసారి కూడా చెప్పలేకపోయిన సంగతి ఇది.

మా చెల్లెలు పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. వెనక చక్రానికి అటూ ఇటూ మరో రెండు చక్రాలు బిగించిన మోపెడ్ మీద బడికి వెళ్లేది. నడపడానికి ఇబ్బంది లేదు, స్టార్ట్ చెయ్యడమే కష్టం. పెడల్ తొక్కే బలం ఆ కాలికి లేదు. ఇంటి దగ్గర నేను తొక్కేవాణ్ణి. బడి దగ్గరా బజారులోనూ దారినపోయే ఎవరినో పిలవాల్సి వచ్చేది.

బ్యాటరీ స్కూటర్లు మా వైపు అప్పుడప్పుడే కనబడుతున్న రోజులు. పాత మోపెడ్‌లకి ముందు చక్రంలో మోటారు, కాళ్ల దగ్గర బ్యాటరీలు అమర్చే కిట్లు కూడా వచ్చాయి. పెట్రోలు ఇంజను అలాగే ఉంటుంది. ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకుంటే కరెంటు మీద కూడా నడుస్తుంది, తాళం తిప్పితే చాలు.

"ఏ కిట్ మంచిదో నువ్వే చూడన్నయ్యా. నువ్వయితే పరీక్షించందే దేన్నీ ఒప్పుకోవుగా" అంది చెల్లెలు. ఆ మాటకి పొంగిపోయాను.

ముందు పాలకొల్లులో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. ఎవరిదో దెబ్బతిన్న బ్యాటరీ స్కూటరు మోటారు తీసి, బ్యాటరీ ఒకటి ఎక్కువ వేసి తానే కిట్ కట్టి ఇస్తానన్నాడు. చూడ్డానికి మొరటుగా ఉంది. షెడ్డులో ప్రతి బండి హ్యాండిల్‌కీ నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

"మంగళవారం మాత్రం పని మొదలెట్టనండి మాస్టారూ" అన్నాడు.

ఇంకేముంది, అరగంట వాయించాను. మంగళవారం కరెంటు వేరుగా ప్రవహిస్తుందా అన్నాను. నిమ్మకాయకి ఎన్ని వోల్టులన్నాను. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆయన అన్నీ విని, చేతులు తుడుచుకుంటూ ఒకటే అడిగాడు.

"టీచరుగారెళ్లే దారిలో వంతెనలెన్నండి?"

మాట తప్పిస్తున్నాడనుకున్నాను. జవాబైనా చెప్పకుండా వచ్చేశాను.

తర్వాత రాజమండ్రి ఎగ్జిబిషన్లో ఒక స్టాల్ చూశాను. టై కట్టుకున్న కుర్రాడు రంగుల కాగితం చేతికిచ్చాడు. అందులో గ్రాఫులు, పట్టికలు ఉన్నాయి. "సైంటిఫిక్‌గా టెస్ట్ చేసిందండి" అన్నాడు. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎంత బరువు పెట్టి చేశారు? బాబాలని నేను అడిగే ప్రశ్నలే ఇవి. ఆ కుర్రాణ్ణి ఒక్కటీ అడగలేదు. కిట్ తెచ్చి బిగించాను.

మొదటి రోజే బండి కాలవ లాకుల వంతెన మీద ఆగింది. మా ప్రాంతమంతా అరచేయిలా చదునే గానీ, కాలవ దాటాలంటే వంతెన ఎక్కాలి. సగం ఎక్కాక మోటారు మూలిగి ఊరుకుందట. వెనక్కి జారుతుంటే వంతెన కింది టీ కొట్టు దగ్గరివాళ్లు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నారట.

"నువ్వు సరిగా చార్జి పెట్టి ఉండవు" అన్నాను.

ఆమె వాదించలేదు. పది రోజుల పాటు ఒక నోటుపుస్తకంలో రాసింది. రాత్రి ఎన్ని గంటలు చార్జి పెట్టింది, సంచిలో ఎంత బరువుంది, బండి ఎక్కడ ఆగింది. పది రోజులూ అదే వంతెన, దాదాపు అదే చోటు. పుస్తకం నా ముందు పెడితే, "పది రోజులతో ఏం తేలుతుంది? నీ నడపడంలోనే ఏదో ఉంది. అయినా ఇంజను ఉందిగా, వంతెన దగ్గర పెట్రోలు మీదకి మార్చుకో" అన్నాను.

"ఇంజను స్టార్ట్ చెయ్యడానికి మనిషి కావాలిగా అన్నయ్యా. ఎవర్నీ పిలవకుండా బడికెళ్లాలనే కదా ఈ బాధంతా."

నేనేమో ఇన్నాళ్లూ పెట్రోలు మిగులు గురించి ఆలోచిస్తున్నాను. ఆమెకేం కావాలో అడగనే లేదు.

మర్నాడు సైకిలు మీద ఆమె వెనకే వెళ్లాను. మమ్మల్ని చూడగానే టీ కొట్టులోంచి కేక వినబడింది. "టీచరుగారొచ్చేశారు, రండెహె!" నలుగురు గ్లాసులు కింద పెట్టి వచ్చారు. పాపం, మంచివాళ్లే. రోజూ తోస్తున్నారు. అందులో ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. నిరుడు ఆ కొట్టు ముందే దిష్టి నిమ్మకాయల మీద మాట్లాడాను.

"మాస్టారూ, మీరూ ఓ చెయ్యెయ్యండి. సైన్సు బరువుగా ఉంది!"

వాళ్లతో కలిసి తోశాను. చెల్లెలు నవ్వలేదు, వెనక్కి తిరగలేదు. చెవుల దాకా ఎర్రబడిన ఆమె మొహం నాకు పక్కనుంచి కనబడుతూనే ఉంది.

మెకానిక్ దగ్గరికి ఆమే బయల్దేరింది. నేను వెంట వెళ్లి షెడ్డు బయటే నిలబడ్డాను. ఆయన నన్ను చూసి ఎత్తిపొడవలేదు. "రండి మాస్టారూ, ఎండలో ఎందుకు" అన్నాడు. ఎత్తిపొడిచి ఉంటే తేలికపడేవాణ్ణి. వంతెన ఎత్తెంతో, ఎక్కే ముందు మలుపుందో లేదో ఆమెని అడిగి తెలుసుకున్నాడు. నేను నా చెల్లెల్ని ఆ ప్రశ్నలు అడగలేదు.

నాలుగు రోజులకి ఆయన కట్టిన కిట్‌తో బండి తయారైంది. హ్యాండిల్‌కి నిమ్మకాయ కట్టి ఉంది. చెల్లెలు బల్లమీది కత్తెర తీసుకుని దారం కత్తిరించి, నిమ్మకాయ ఆయన చేతిలో పెట్టింది.

"ఏమనుకోకండి బాబాయిగారూ, మా ఇంట్లో ఇవి కట్టుకోం."

"మీ ఇష్టం టీచరుగారూ" అని ఆయన నవ్వి జేబులో వేసుకున్నాడు.

బయటికొచ్చాక ఆమె నాతో, "చూశావా, దానికి కత్తెర చాలు" అంది. కోపంగా అనలేదు.

ఆ సాయంత్రం లాకుల దగ్గర, అవసరమైతే తోద్దామని సైకిలు దిగి నిలబడ్డాను. బండి నా పక్కనుంచే వెళ్లి వంతెనెక్కింది. టీ కొట్టువాళ్లు సగం లేచి మళ్లీ కూర్చున్నారు. ఆమె అవతలికి దిగిపోయేదాకా నా చేతులు ముందుకి చాచే ఉన్నాయని, వాళ్లు చూసి నవ్వేదాకా నాకు తెలియలేదు.

నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పదో రోజు కింద కాస్త ఖాళీ ఉంది. "పొరపాటు నాది" అని అక్కడ రాసి ఆమెకి ఇద్దామనుకున్నాను. ఈ వ్యాసం రాసేదాకా రాయలేదు.