కొర్రమీను ముడి

మా బావ మిలిటరీ లారీ కొన్నాడని తెలిసినప్పుడు నేను ఏలూరులో మా మేస్త్రీగారి షెడ్డులో కూర్చుని కార్బురేటరు కడుగుతున్నాను. కబురు తెచ్చినవాడు మా లంకల నుంచి చేపల బుట్టలు మోసుకొచ్చే మనిషి. "మీ బావగారు ఏనుగుని కొన్నారండీ. దానికి కళ్ళూ లేవు, గొంతూ లేదు. కాళ్ళు మాత్రం ఉన్నాయండి" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

బావ అంటే మా అక్క మొగుడు. నాకున్నది ఒక్కతే అక్క. వాళ్ళది గుండుగొలను. కొల్లేటి లంకల్లో చేపలు కొని, ఎడ్లబళ్ళ మీద ఏలూరు స్టేషనుకి తోలి, రైలుకెక్కించడం ఆయన వ్యాపారం. ఎండాకాలంలో బండి దెందులూరు దాటేసరికే బుట్టలోంచి వాసన మొదలయ్యేది. లారీ ఉంటే ఆ బాధ ఉండదని ఆయన లెక్క. లెక్క మంచిదే. ఆ లారీ పెద్ద యుద్ధంలో పనిచేసి, మద్రాసు వేలంలో అమ్ముడుపోయి, ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. పైన ఎవరో ఎర్రరంగు వేశారు గానీ, గోరుతో గీకితే కింద మిలిటరీ పచ్చరంగూ, దాని మీద తెల్ల అంకెలూ కనపడేవి.

ఆదివారం వెళ్ళి చూశాను. ఇంజను గట్టిది, చావలేదు. తీగలే పోయాయి. రబ్బరంతా ఎండి, ముట్టుకుంటే అప్పడంలా విరిగి రాలింది. మిగిలినదాన్ని ఎలుకలు తిన్నాయి. కార్బైడు దీపాలుండే చోట ఖాళీ కొక్కేలు వేలాడుతున్నాయి. దీపాలూ హారనూ లేకుండా ఇనస్పెక్టరు బండిని రోడ్డెక్కనివ్వడు.

బావ నా భుజం మీద చెయ్యేసి, "ఏవయ్యా బావమరిదీ, దీన్ని లేపగలవా?" అన్నాడు.

"లేపుతానండి. లేపితే నాకేంటండి?"

"దాని మీద కూర్చునేవాడివి నువ్వే. లైసెన్సు కాయితంలో డ్రైవరని నీ పేరే రాయిస్తాను. మీ అక్క మీద ఒట్టు."

అక్క గుమ్మంలోనే ఉంది. లోపలికెళ్ళి నాకు మజ్జిగ తెచ్చింది.

నాకు జీతం అక్కర్లేదు, ఆ స్టీరింగు కావాలి. ఎందుకో చెప్పాలి. మా నాన్న బతుకంతా మొలలోతు నీళ్ళలో గడిచింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన పాదాలు నానిపోయి తెల్లగా ఉండేవి. నేను మోటారు పనిలో చేరింది ఆ నీళ్ళలోంచి బయటపడటానికే. కానీ ఆరేళ్ళు షెడ్డులో ఉండి నేను తోలిందెంత? ఎవరిదో బండిని షెడ్డులోంచి రోడ్డు దాకా వెనక్కి తేవడం, అక్కడ దొరగారికి అప్పగించి దిగిపోవడం. రోడ్డు మీద ముందుకి పోయే భాగ్యం ఒక్కరోజూ కలగలేదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, పొద్దున లేస్తే అదే ధ్యాస.

మేస్త్రీగారు ఏలూరు క్రైస్తవులు. యుద్ధంలో బస్రా వెళ్ళి ఇలాంటి లారీలకే మరమ్మతులు చేసొచ్చిన మనిషి. పని మానేస్తున్నానని చెబితే ఆయన తిట్టలేదు. చేతులు తుడుచుకుంటూ ఇలా అన్నారు:

"బంధువుల బండి ముట్టుకోకు అబ్బాయ్. ముట్టుకున్నావా, ఒక్క గుట్టు నీ దగ్గరే ఉంచుకో. తీగలన్నీ ఒకే రంగువి వెయ్యి. ఏది ఎక్కడికి పోతుందో నీకు తప్ప ఇంకోళ్ళకి తెలియకూడదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని నేను బస్రాలోనూ చూశాను, బందరులోనూ చూశాను."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. అనుకుంటూనే బెజవాడ నుంచి నల్లతీగ ఒక్కటే చుట్ట తెప్పించాను.

అమ్మని ఏలూరులో మా అద్దెగదిలోనే ఉంచి, మూడు నెలలు గుండుగొలనులో అక్కావాళ్ళ ఇంటి పక్క తాటాకు పాకలోనే నా కాపురం. పాడైపోయిన ఒక కారులోంచి డైనమో, దీపాలు, హారను సంపాదించాను. లారీకి మొత్తం పదకొండు తీగలు లాగాలి. రోడ్డు మీద దుమ్ము, లంకల్లో తేమ, బుట్టల నుంచి కారే నీచునీళ్ళు, వీటన్నిటికీ తట్టుకోవాలి. వలలు కుళ్ళకుండా మావాళ్ళు తుమ్మచెక్క కషాయంలో ఉడకబెడతారు. నేను వలదారాన్ని అలాగే ఉడకబెట్టి, వారం రోజులు ఎండబెట్టి, తీగల కట్ట చుట్టూ బిగించి, పైన లక్క పూశాను. ఆ పని చూసి నాకే ముచ్చటేసింది. మిలిటరీవాళ్ళు కూడా అంత గట్టిగా చేసి ఉండరు.

ఇక గుట్టు సంగతి. పదకొండూ నల్లతీగలే, రేపు తెగితే నాకైనా ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అప్పుడు మా నాన్న ముడులు గుర్తొచ్చాయి. కొల్లేట్లో ఎవరి వల చూసినా ఒకేలా ఉంటుంది. అందుకని మా నాన్న ఒక్కో వల పైతాడుకి ఒక్కో రకం ముడుల వరస వేసేవాడు. చీకట్లో తడిమినా చేతికి తెలిసేది, ఇది మనదని, ఇది ఫలానా చేపల వల అని. ఆ ముడులు మా ఇంటివి. ఇంకో ఇంటికి చెప్పరు. నేను ప్రతి తీగ కొసకీ అలాగే దారం కట్టి ముడులేశాను. హారనుకి జెల్ల ముడి, వెనక దీపానికి రొయ్య ముడి, ముందు దీపాలకి ఇంగిలాయి ముడి, ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తీగకి కొర్రమీను ముడి. అన్నిట్లోకీ ఈ మాగ్నెటో తీగే ముఖ్యం. అది ఎక్కడైనా ఒరుసుకుపోయి ఇనుముకి తగిలిందంటే ఇంజను చచ్చిపోతుంది. ఏ తీగో తెలిసినవాడు చిటికెలో సరిచేస్తాడు. తెలియనివాడు లారీ అంతా విప్పుకుంటూ కూర్చోవాలి.

చిన్నబావ, అంటే బావ తమ్ముడు, నాకంటే ఐదేళ్ళు పెద్ద, రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. "ఈ ముడులేంటి బావమరిదీ?" అంటే, "దిష్టి తగలకుండా" అని చెప్పి నవ్వేవాణ్ణి. అతను కూడా నవ్వేవాడు. అక్క అన్నం తెచ్చినప్పుడు కాసేపు నిలబడి నా చేతుల వంక చూసేది. "నాన్న వేసినట్టే వేస్తున్నావురా" అని ఒకసారి అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

బండి లేచింది. ఉంగుటూరు దాకా తోలుకెళ్ళి వచ్చాను. కాలవ గట్టు మీద పోతుంటే పొలాల్లో కోతలు కోసేవాళ్ళు నడుములెత్తి చూశారు. అబద్ధం ఎందుకు, నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం బావ, "రేపు నీకు జ్వరమొస్తే బండి ఆగిపోతుంది కదయ్యా, చిన్నోడికి కూడా కాస్త నేర్పు" అన్నాడు. న్యాయమే అనిపించింది. నేర్పాను. గేర్లు మార్చడానికి అతని చేతి మీద నా చెయ్యి పెట్టి మరీ నేర్పాను.

పరీక్ష రోజున ఏలూరులో ఇనస్పెక్టరుగారు దీపాలు వెలిగించమన్నారు, హారను కొట్టమన్నారు, ఇంజను వింటూ తల ఊపారు. "వైరింగు ఎవరు చేశారు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు బావ, "మా ఇంట్లోనే చేయించామండి" అన్నాడు. కాయితం చేతికొచ్చింది. బావ దాన్ని మడిచి జేబులో పెట్టుకోబోతుంటే లాక్కుని చూశాను. డ్రైవరు దగ్గర చిన్నబావ పేరు ఉంది.

"ఇదేంటండి బావగారూ?"

"ఇంటి బండి ఇంటివాడు తోలితేనే అందం. నీది బాగుచేసే చెయ్యి, తోలే చెయ్యి కాదు. ఎప్పుడైనా చెడితే కబురు చేస్తాంలే."

"అక్క మీద ఒట్టేశారు కదండీ!"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టవయ్యా" అన్నాడు, పదిమందీ వింటుండగా. ఇనస్పెక్టరుగారి జవాను కూడా నవ్వాడు. చిన్నబావ నా మొహం చూడకుండా బండి ముందు హ్యాండిలు తిప్పి ఇంజను లేపి, ఎక్కి, నేను చెప్పినట్టే నెమ్మదిగా క్లచ్చి వదిలి వెళ్ళిపోయాడు. ఏలూరు రోడ్డు మీద నిలబడి ఇద్దరికీ శాపనార్థాలు పెట్టాను, బూతులతో సహా.

మేస్త్రీగారి దగ్గరికి మళ్ళీ పోవడానికి మొహం చెల్లలేదు. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో ఆయిలింజను చూసుకునే పనిలో చేరాను. మా లారీ, అదే, వాళ్ళ లారీ, పొద్దున చేపలు ఏలూరులో దింపి, మధ్యాహ్నం బియ్యం బస్తాలకి ఆ మిల్లుకే వచ్చేది. దాని హారను విన్నప్పుడల్లా ఇంజను గది తలుపు మూసుకునేవాణ్ణి. అయినా నాకో ధైర్యం ఉంది. మాగ్నెటో తీగ కాళ్ళ కింద చెక్క దగ్గర ఒక ఇనుప అంచు మీదుగా పోతుంది. అక్కడ తోలు చుట్టాను గానీ, అది వానలకి ఆగదని నాకు తెలుసు. కావాలని చెయ్యలేదు. కానీ తెలుసు. అది తెగిన రోజున వాళ్ళు నా కాళ్ళ దగ్గరికి రావాలి. వస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. "కాయితంలో పేరు మార్పించుకుని రండి, అప్పుడు చూద్దాం." గోతికాడ నక్కలా నెలల తరబడి కాచుకున్నాను.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం బస్తాలు ఎక్కించుకుని లారీ మిల్లు గేటు దాటుతూనే ఠక్కున ఆగిపోయింది. నా గుండె ఎంత సంతోషంతో కొట్టుకుందో చెప్పలేను. తొందర పడలేదు. చేతులు కడుక్కుని, గొడుగు వేసుకుని, తీరిగ్గా వెళ్ళి పక్కన నిలబడ్డాను.

చిన్నబావ నన్ను చూడలేదు. స్టీరింగు కింద పలక తీసి, చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళతో ఒక్కో దారమూ తడుముతూ, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా పైకే అంటున్నాడు. "జెల్ల... రొయ్య... ఇంగిలాయి... కొర్రమీను." ఆ తీగ పట్టుకుని దాని వెంటే పోయి, ఒరుసుకుపోయిన చోటు కనిపెట్టి, గుడ్డ చుట్టాడు. కిందికి దిగి హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది.

అప్పుడు చూశాడు నన్ను. "ఏం బావమరిదీ, కులాసానా?" అన్నాడు. బండెక్కి పోయాడు.

నేను ఆ వానలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ పేర్లు ఈ లోకంలో బతికున్నవాళ్ళలో మా నాన్న నేర్పిన ఇద్దరు పిల్లలకే తెలుసు. మా నాన్న పోయాడు. నేను చెప్పలేదు.

మర్నాడు మిల్లులో సెలవు అడిగి గుండుగొలను వెళ్ళాను. మగవాళ్ళు ఇంట్లో లేరు. అక్క వసారాలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ముడులు నువ్వే చెప్పావా?"

"నేనే చెప్పాను."

"ఎప్పుడు? నేను గొడవపడి వెళ్ళిపోయాకా?"

అక్క చేటలోని మట్టిబెడ్డ ఒకటి తీసి పారేసింది. "కాదు. నువ్వు ముడులు వెయ్యడం మొదలెట్టిన రోజు నుంచే. నువ్వు పగలు ఏది వేస్తే, దీపాలు పెట్టాక అది నా చేత మళ్ళీ వేయించుకుని మా మరిది నేర్చుకునేవాడు."

"కాయితంలో వాడి పేరే రాయిస్తారని కూడా తెలుసా?"

"తెలుసు."

"నా తోడబుట్టినదానివేనా నువ్వు!" అని అరిచాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అది నీలాంటిదాన్ని చూసే అన్నారన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయదగనివి. అక్క అంతా వింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అంది.

"'మీ తమ్ముడి గుట్టు నా బండిలో ఉండడానికి వీల్లేదు, ఉంటే వాడితో పాటు నువ్వూ పో' అన్నారు మీ బావ. మొదటి వారంలోనే అన్నారు. నాన్న లేడు. అమ్మ నీ పంచనుంది. నువ్వేమో మా పాకలో పడుకుంటున్నావు. ఎక్కడికి పోను?"

నేను గొడుగుని గోడకి ఆనించాను.

"సరే, తప్పే చేశాను. ఇప్పుడు వచ్చేస్తానురా తమ్ముడూ. ఈ చేట ఇక్కడే పెట్టి ఇప్పుడే లేస్తాను. తీసుకెళ్తావా?"

మిల్లు వెనక మా అమ్మా నేనూ ఉన్న ఒంటిగది గుర్తొచ్చింది. మొగుణ్ణి వదిలొచ్చిన అక్కని చూసి నలుగురూ అనే మాటలు గుర్తొచ్చాయి. అక్క చేట పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వంకే చూస్తోంది. నేను గొడుగు తీసుకున్నాను. "వాన వచ్చేట్టుంది" అని మెట్లు దిగాను.

నన్ను మోసం చేసిందని ముప్పై ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. చేసింది కూడా. కానీ ఆ మధ్యాహ్నం తను అడిగిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్క కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత బతికున్నన్నాళ్ళూ నన్ను ఇంకేదీ అడగలేదు.