మామయ్య గొంతును రెండు లారీల్లో వేసిన కథ

నా చేతుల మీదుగా జరిగిన ఘనకార్యాలు కొన్ని ఉన్నాయి. పెళ్లిచూపులకు బయలుదేరి పక్కవీధిలో ఎవరింట్లోనో కూర్చుని ఉప్మా తిని వచ్చాను. సొంత కొట్టుకు బయటి నుంచి తాళం వేసి, లోపల ఉన్న గుమాస్తా కోసం ఊరంతా వెతికాను. అవి చెప్పుకుని నవ్వుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నవ్వు మధ్యలో ఆగిపోయే రకం. ముందే హెచ్చరిస్తున్నాను. ఈ కథలో ఒక పెద్దమనిషి గొంతు రెండుసార్లు పోతుంది. మొదటిసారి డాక్టర్లు తీశారు. రెండోసారి నేను తీశాను. డాక్టర్లకైతే కారణం ఉంది.

నాకు పిల్లనిచ్చిన మామయ్య గూడూరు నిమ్మ మార్కెట్లో వేలం పాడేవారు. ఆయన కాయల రాశి పక్కన నిలబడి ధర పిలిస్తే రోడ్డవతలి టీ కొట్టులో గ్లాసులు తొణికేవని చెబుతారు. అదే మార్కెట్లో నాదొక కమీషన్ కొట్టు. అలాంటి ఆయనకు గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక తీసేయక తప్పదని చెన్నైలో చెప్పారు. ఆపరేషన్‌కు వెళ్లేముందు అందరం ఆయన చుట్టూ కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకున్నాం. పిల్లలందరినీ పేరుపేరునా పిలిచారు. అత్తయ్యను కూడా పిలవమంటే సిగ్గుపడిపోయి, "ఇదిగో, మంచినీళ్లు" అన్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు ఆ ఇంట్లో అదే పేరు. చివరికి మేం బతిమాలితే, కాయలూ లేకుండా, కొనేవాళ్లూ లేకుండా, ఒక వేలం పూర్తిగా పాడి వినిపించారు.

ఆ తర్వాత అత్తయ్యా ఆయనా మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన చేతులతోనే మాట్లాడుతున్నారు. సాయంత్రమైతే అత్తయ్య టీవీ ముందు కూర్చుని, "ఆ వేలం పెట్టమ్మా" అని నా భార్య సునీతను అడిగేది. మామయ్య పక్క కుర్చీలో కూర్చుని, ఎవరో తెలిసినవాళ్ల గొంతు విన్నట్టు తన గొంతు వినేవారు.

ఆ వీడియో ఉండేది మా మెట్ల కింద, నా సర్వర్లో. సర్వరంటే ఏదో అనుకునేరు. ఒక పాత కంప్యూటరు, అందులో ఒక హార్డ్ డిస్కు, దాని మీద నా అహంకారం. "ఫోన్లో ఉంటే ఫోన్‌తోపాటే పోతాయి. నా దగ్గర పెట్టండి, భద్రం" అని చుట్టాలందరి ఫోన్లూ దగ్గరుండి ఖాళీ చేయించింది నేనే. ఆ డిస్కు ఒకరోజు నిండిపోయింది. రెండు పెద్ద డిస్కులు కొన్నాను. నా బావమరిది మధు చెన్నైలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. అతనికి ఫోన్ చేశాను, సలహా కోసం కాదు, గొప్పకు.

"బావా, రెండూ మిర్రర్ పెట్టు. ఒకదాంట్లో ఏం రాస్తే రెండోదాంట్లో కూడా అదే రాస్తాది. ఒకటి చచ్చినా ఇంకోటి ఉంటాది."

"అంటే రెండు కొని ఒకటే వాడుకోవాల్నా? ఒకే లోడును ఎవరన్నా రెండు లారీల్లో రెండుసార్లు పంపిస్తారా?"

"ఇయ్యి నిమ్మకాయలు కాదు బావా."

"లోడు ఏదైనా లోడే అబ్బయా!"

మా మార్కెట్ పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. దూరం వెళ్లే సరుకును మేం ఒకే లారీకి నమ్మం. సగం బస్తాలు ఇందులో, సగం అందులో వేస్తాం. ఒక లారీ దారిలో ఆగిపోయి కాయంతా కుళ్లినా, రెండోదాంట్లో సగం సరుకు చేరుతుంది. నేను సర్వర్ తెర ముందు కూర్చుంటే అచ్చం అలాంటిదే ఒకటి కనిపించింది. స్ట్రైప్ అట. సరుకును రెండు డిస్కులకూ పంచుతుంది, చోటు ఇసుమంత కూడా వృథా కాదు. కింద ఎర్ర అక్షరాల్లో ఏదో రాసి ఉంది. ఎర్రగా రాసినవన్నీ చదువుతూ కూర్చుంటే మనం రోడ్డు మీద బండి నడపగలమా చెప్పండి? సరేనని నొక్కేసి, పాత డిస్కులో ఉన్నవన్నీ వాటిలోకి ఎక్కించాను.

"పాత డిస్కును కొన్నాళ్లు అట్టనే పెట్టు బావా" అని మధు మళ్లీ చెప్పాడు. ఊరికే పడి ఉండటం నాకు గిట్టదు, మనిషైనా, వస్తువైనా. దాన్ని తుడిచేసి కొట్లో కెమెరా పెట్టెకు తగిలించాను. అది రేయింబవళ్లు నిమ్మ బస్తాల్ని చూసి, చూసినదంతా రాసుకుంటూ కూర్చుంది.

కార్తీకం వానల్లో కరెంటు పోతూ వస్తూ ఉన్న ఒక సాయంత్రం, మెట్ల కింద నుంచి ఎవరో గోటితో గోడను కొడుతున్నట్టు టక్ టక్ మని చప్పుడు వచ్చింది. టీవీ నల్లబడింది.

"ఏంది నాయనా, ఈ పొద్దు ఆయన పలకలేదే?" అంది అత్తయ్య.

"కంగారు పడబాకండి అత్తయ్యా, ఒక డిస్కు పోయినట్టుంది. సగం ఉంటాయి" అన్నాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోతూ మధుకు ఫోన్ చేశాను.

"మధూ, ఒక లారీ బోల్తా పడింది. రెండోదాంట్లో మీ నాయన ఉండాడో లేదో ఎట్టా చూసేది?"



"స్ట్రైప్ పెట్టినావా?"

"ఆ."

"బావా, నువ్వు బస్తాలు పంచలా. ప్రతి కాయనీ కోసి, ఒక చెక్క ఈ లారీలో, ఒక చెక్క ఆ లారీలో వేసినావు."

"పోనీ, ఉండే చెక్కలన్నా..."

"చెక్కల్ని అతికించి కాయ చెయ్యి, చూస్తా. పాత డిస్కు ఏది?"

కెమెరా సంగతి చెప్పాను. అతను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"అది మా నాయన గొంతు బావా" అని మాత్రం అని పెట్టేశాడు.

సునీత అంతా వింది. "మా నాయనకు నువ్వే చెప్పు. నేను చెప్పలేను" అని లోపలికి వెళ్లిపోయింది.

చెప్పాను. లారీలూ డిస్కులూ కలగాపులగం చేసి, ఎందుకలా చేశానో, ఎంత తెలివిగా ఆలోచించానో కూడా చెప్పాను. సిగ్గులేని నోరు, సమర్థించుకుంటూనే ఉంది. నోరున్నవాణ్ణి కదా. మామయ్య అంతా విని అరచెయ్యి గాల్లో అడ్డంగా ఒకసారి ఆడించారు. వేలంలో సరుకు వెళ్లిపోయింది, ఇక అడగొద్దు అని చెప్పే సైగ అది. అత్తయ్య లేచి చీర కొంగుతో టీవీ తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

ఆ డిస్కుల్ని ఒడిలో పెట్టుకుని చెన్నై రైలెక్కాను. పోయినవాటిని వెలికితీసే మనిషి చచ్చిన డిస్కును చూసి తల అడ్డంగా ఊపాడు. బతికినదాన్ని కొన్నాళ్లు తన దగ్గరే పెట్టుకున్నాడు. మరీ చిన్నవి కొన్ని కోత పడకుండా ఒకే వైపు మిగిలాయని చెప్పి ఒక పెన్ డ్రైవ్ ఇచ్చాడు. నా ఫోను, వచ్చిన కాల్స్ అన్నిటినీ తనంతట తానే రికార్డు చేసుకుంటుంది. ఫోన్లు ఖాళీ చేసిన రోజున ఆ చెత్త కూడా సర్వర్లోకి వెళ్లింది. అందులో ఒకటి మామయ్యది.

అందరం టీవీ ముందు కూర్చున్నాం. మధు కూడా వచ్చాడు, నాతో మాట్లాడకుండానే. సునీత మీట నొక్కింది. ఇల్లు అదిరిపోయింది.

"హలో అల్లుడూ! మబ్బు పట్టింది, కనపడలా? కాయల మీద పట్ట కప్పినావా? కప్పలేదా! ఒక్క పని, ఎప్పుడన్నా, ఒక్క పని సక్రమంగా చేసినావా నువ్వు? నేనొస్తుండా. వచ్చేదాకా నువ్వు దేన్నీ ముట్టుకోబాక!"

అంతే. ప్రపంచంలో మా మామయ్య గొంతు ఇక అంతే ఉంది.

మధు నవ్వడం మొదలుపెట్టి, అది ఏడుపయ్యేసరికి ముఖం తిప్పుకున్నాడు. మామయ్య భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో, చప్పుడు లేకపోతే తెలియదు. అత్తయ్య కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి పెట్టమ్మా" అంది.

ఇప్పుడు అది అందరి ఫోన్లలోనూ ఉంది. నేను మాత్రం రోజూ సాయంత్రం టీవీ ముందు బుద్ధిగా కూర్చుని, ఇంటిల్లిపాది సమక్షంలో తిట్లు తింటాను. ఎవరూ సౌండు తగ్గించమని అడగరు, నేను అసలే అడగను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, నా నిమ్మ బస్తాల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా ఊపిరి ఉన్నంతవరకూ మా ఇంట్లో దాచుకోదగ్గది ఏదైనా సరే, నేను ముట్టుకోను గాక ముట్టుకోను. ఈ మాట తప్పుతానేమోనని మీరు బెంగ పెట్టుకోవద్దు. గుర్తుచేయడానికి మా ఇంట్లో ఒక గొంతు ఉంది.