కత్తెర పట్టలేని దర్జీ

2022 వానాకాలం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో నా కౌన్సెలింగ్ గది. మనసు బాగాలేదని వచ్చినవాళ్లను నేను నిద్ర, తిండి, పని, ఇల్లు, ఒంటి జబ్బులు అన్నిటి గురించీ అడుగుతాను. మా వృత్తిలో దీన్ని హోలిస్టిక్ పద్ధతి అంటారు, మనిషిని మొత్తంగా చూడడమన్నమాట. ఏం చేయాలో కూడా వాళ్లూ నేనూ కలిసే నిర్ణయించుకుంటాం. ఆ 'కలిసి' అన్న మాటకు ఎంత బరువుందో నాకు సుజాత వల్ల తెలిసింది. పేర్లు మార్చాను.

ఆమెకు నలభై దాటాయి. నాంపల్లి కోర్టుల దగ్గర భర్త మల్లేశంతో కలిసి వకీళ్ల నల్లకోట్లు కుట్టే దుకాణం నడిపేది. గుండెదడ అని దవాఖానకు పోతే, గుండెకేమీ లేదని డాక్టర్ నా దగ్గరికి పంపారు. నెలరోజులుగా సరైన నిద్ర లేదు, దుకాణానికి పోవడమే మానేసింది. ఎందుకని అడిగితే కొంగు సర్దుకుని ఎదురు ప్రశ్న వేసింది.

"చెప్తే నన్ను పోలీసులకు పట్టిస్తరా మేడం?"

"ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే ఊరుకోలేను. కానీ ఏం చేసినా మీకు చెప్పే చేస్తాను."

లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు.

"కత్తెర పడితే, ఎదురుంగ కూసున్న మా ఆయన మెడల పొడుస్తనేమో అనిపిస్తది. ఆయన మీద నాకు కోపం లేదు మేడం. ఆయనంటే పాణం. కత్తెరలన్నీ మూటగట్టి సజ్జ మీద పెట్టిన."

బెదరకూడదు, తొందరపడి ధైర్యమూ చెప్పకూడదు. ఆయన కొడతాడా, మీరెప్పుడైనా చెయ్యెత్తారా, ఎవరివైనా గొంతులు వినిపిస్తున్నాయా, చనిపోవాలనిపిస్తోందా అని ఒక్కొక్కటే అడిగాను. మొదటివాటికి లేదంది. చివరిదానికి తల వంచుకుంది.

"ఆయనకేమన్న అయ్యేకంటే నేనే పోతే మంచిదనిపించింది."

ఆమె ఎదుటే సైకియాట్రిస్ట్‌కు ఫోన్ చేశాను. కాచిగూడ నుంచి అక్కను పిలిపించుకుంటానని సుజాతే అంది. అక్క వచ్చేదాకా ఆమెను కదలనివ్వలేదు. అటునుంచి అటే ఇద్దరూ ఆ సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లారు. ఇది ఓసీడీ అని, వద్దన్నా అవే ఆలోచనలు వెంటాడే జబ్బని తేల్చి ఆయన మందులు రాశారు. పిలవకుండా చొరబడే ఇలాంటి ఆలోచనలను ఇంట్రూసివ్ థాట్స్ అంటారు. అవి కోరికలు కావు. దేన్ని తలచుకుంటేనే మనసు విలవిల్లాడుతుందో, అదే పదే పదే ఎదురొస్తుంది.

కాస్త నిద్ర పట్టాక, కత్తెరను కొద్దికొద్దిగా అలవాటు చేద్దామన్నాను. భయపడేదానికి మెల్లగా ఎదురెళ్లే ఆ పద్ధతి పేరు ఎక్స్‌పోజర్. సుజాత అడ్డంగా తలూపింది.

"కత్తెర తర్వాత. ముందుగాల ఆయనకు చెప్పాలె. దాచుకున్నందుకే సగం సస్తున్న."

నేను వెనకాడాను. ఆయన దడుచుకుని ఇల్లు విడిచిపోతే ఈమె కోలుకోగలదా? ఆ మాటే అడిగాను.

"పోతే పోనీ. తెలిసి పోవాలె" అంది.

తర్వాతి వారం మల్లేశం వచ్చాడు. సుజాత నేలచూపులతో అంతా చెప్పింది. అతను లేచి తలుపు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

"గందుకేనా నువ్వు వేరే అర్రల పండుకుంటున్నవ్?" అన్నాడు, ఇటు తిరగకుండానే. "నేనంటే విసుగొచ్చిందేమో అనుకున్న."

వెనక్కి వచ్చి కూర్చున్నాడు, తన కుర్చీని ఆమె కుర్చీకి ఆనించుకుని.

కత్తెర నా బల్ల మీదికి రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. మొదటిరోజు దాన్ని చూసి ఆమె చెమటతో తడిసిపోయింది. తర్వాత పట్టుకుంది. ఆ తర్వాత, ఎదురుగా మల్లేశం కూర్చుని ఉండగా, గుడ్డ కత్తిరించింది. చలికాలానికి దుకాణం తెరిచారు.

"ఆ ఆలోచన ఇప్పటికీ వస్తుందా?" అని ఒకసారి అడిగాను.

"ఔ మేడం, వస్తది. రానీ అని నా పని నేను చేసుకుంటా. అదే పోతది."

నా చదువు నాకు జబ్బు పేరు చెప్పింది, దారీ చూపింది. అయితే ఆ దారిలో మొదటి అడుగు ఎక్కడ వేయాలో సుజాతకే తెలుసు. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా, నా ఆలోచన చెప్పేముందు వాళ్లను అడుగుతాను: "ఎక్కడ మొదలుపెడదాం?"